తట్టు వచ్చిన ఇల్లు

శుక్రవారం, బోస్టన్

పాపకి ఏడాది టీకాలు అయ్యాయి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ సూది తొడలో దిగగానే ఒక్క కేక పెట్టింది. కారెక్కేసరికి నిద్రపోయింది. జ్వరం వచ్చినా వారం, పది రోజుల తర్వాతే వస్తుందని నర్సు చెప్పింది. రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్ చేసింది. తన చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా తట్టు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లట, తగ్గేదాకా వంటలో పోపు కూడా పెట్టేవాళ్లు కాదట.

మధ్యాహ్నం పాప పడుకున్నాక కాటన్ మేథర్ డైరీలో 1713 నాటి పేజీలు చదివాను. ఈ ఊళ్లోనే, నార్త్ ఎండ్‌లో పాస్టరుగా ఉండేవాడు. తాత రిచర్డ్ మేథర్ 1635లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చాడు. 1713 అక్టోబరులో మనవడి ఇంట్లోకి తట్టు వచ్చింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మంచమెక్కారు. భార్య ఎలిజబెత్ నిండు చూలాలు. 30న కవలలు పుట్టారు, ఎలియేజర్, మార్తా. బాలింతకీ తట్టు పోసింది. నవంబరు 9న పోయింది. ఆ తర్వాత ఇంట్లో పనిపిల్ల, తర్వాత పురిటి కవలలిద్దరూ. 21న రాత్రి జెరూషా, రెండేళ్ల ఏడు నెలలది. పోయేముందు తనతో కలిసి ప్రార్థన చెయ్యమని నాన్నని అడిగిందట. రెండు వారాలు తిరక్కుండా ఐదుగురు.

రెండేళ్ల ఏడు నెలలంటే మాటలు బాగా వచ్చేసిన వయసు. మా పక్కింటి బుడ్డోడిదీ అదే వయసు, కనపడిన ప్రతిదాన్నీ ఇదేంటి, అదేంటి అని అడుగుతాడు. ఆ పేజీ దాటడానికి చాలాసేపు పట్టింది.

మేథర్ అంటే నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. 1692లో బోస్టన్ దగ్గరి సేలంలో మంత్రగత్తెలంటూ మనుషుల్ని ఉరితీస్తే ఆ విచారణల్ని సమర్థిస్తూ రాసినవాడు. ఇంట్లో ఒనెసిమస్ అనే ఆఫ్రికా మనిషిని బానిసగా పెట్టుకున్నాడు. అయినా తట్టు రోగిని ఎలా చూసుకోవాలో పేదవాళ్ల కోసం ఆ ఏడాదే చిన్న పుస్తకం రాశాడు. మందులు అతిగా పొయ్యొద్దు, దగ్గరుండి జాగ్రత్తగా చూసుకోండి అన్నది అందులో ముఖ్యమైన మాట. మందే లేని ఆ రోజుల్లో అంతకంటే మంచి సలహా ఎవరు చెప్పగలరు?

1721లో ఊరికి మశూచి వచ్చింది. పుండు రసం కొంచెం ఎక్కించి జబ్బును తేలిగ్గా రప్పించే పద్ధతి ఆఫ్రికాలో ఉందని ఒనెసిమస్ అంతకుముందే అతనికి చెప్పాడు. మేథర్ ఆ మాట నమ్మి, ఊరంతా తిడుతున్నా కొడుకు శామ్యూల్‌కి అలా చేయించాడు. ఆ నవంబరులో ఎవరో వాళ్లింటి కిటికీలోంచి బాంబు విసిరారు, అది పేలలేదు. శామ్యూల్ బతికాడు. పదిహేనుమంది పిల్లల్లో తండ్రి తర్వాత మిగిలింది ఇద్దరే, అందులో అతనొకడు.

తట్టుకు మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. 1954లో ఈ ఊరి దగ్గరే ఒక బడిపిల్లాడి నుంచి తీసిన వైరస్‌ని బోస్టన్‌లో జాన్ ఎండర్స్ ల్యాబులో పెంచారు. 1963లో దాన్నుంచే టీకా వచ్చింది. జెరూషా పోయిన 250 ఏళ్లకి.

నాకు అన్నిటికన్నా ఆ పనిపిల్ల గుర్తుండిపోయింది. వచ్చిన కొత్తలో ఆటలూ షోకులూ తప్ప పట్టని పిల్ల అనీ, తన బోధల వల్లే భక్తిలోకి మారిందనీ మేథర్ రాసుకున్నాడు. ఆమె గురించి అతను మెచ్చుకుంటూ రాసింది ఆ మార్పునే. నాకైతే మారకముందు ఆ పిల్ల ఏం ఆటలాడేదో, ఎలాంటి బట్టలు ఇష్టపడేదో, ఏం చూసి నవ్వేదో తెలుసుకోవాలనుంది.