ఏడు మాటల చీటీతో లైప్‌జిగ్ నుంచి హాలె దాకా

లైప్‌జిగ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరకు సెప్టెంబరులో ప్రయాణం ఖాయమైన నాటి నుంచి, ఆమె ఒకప్పుడు చదివి పక్కన పెట్టిన జర్మన్ తొలి పాఠాల పుస్తకాన్ని నేను రోజూ తెల్లవారుజామున ముందేసుకుని కూర్చునేదాన్ని. చూసి రావడానికి వెళ్ళేవాళ్ళకు భాష వచ్చి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. అయినా ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని, పరాయి ఊళ్ళో ఎవరైనా "మీరెవరు" అని అడిగితే జవాబు కోసం కూతురి ముఖం చూడవలసి రావడం నాకు ఇష్టం లేకపోయింది.

గోథె ఇన్‌స్టిట్యూట్ వారి ఏ1, అంటే జర్మన్ తొలి మెట్టు పరీక్షలో మాట్లాడే భాగం ఒక చీటీతో మొదలవుతుంది. దాని మీద నామె, ఆల్టర్, లాంట్, వోన్‌ఓర్ట్, ష్ప్రాఖెన్, బెరూఫ్, హాబీ అని ఏడు మాటలుంటాయి. పేరు, వయసు, దేశం, ఉండే చోటు, వచ్చిన భాషలు, చేసే పని, ఇష్టమైన వ్యాపకం అన్నమాట. వాటి ఆధారంగా మనల్ని మనం పరిచయం చేసుకోవాలి. ఆ తరువాత ఒక మాటను అక్షరం అక్షరంగా చెప్పమంటారు, ఒక నంబరు చెప్పమంటారు. పరీక్ష రాసే ఉద్దేశం లేకపోయినా ఆ ఏడు మాటలను నేను ఒక అట్టముక్క మీద తెలుగు లిపిలో రాసుకుని చేతిసంచిలో పెట్టుకున్నాను.

'నేను' అనడానికి వాళ్ళు అనే 'ఇహ్' దగ్గరే మొదటి కష్టం. ఆ చివరి ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. 'య' పలకడానికి నాలుకను ఎక్కడ ఉంచుతామో అక్కడే ఉంచి, గొంతు కలపకుండా గాలి మాత్రమే వదిలితే అది వస్తుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. అమ్మాయి ఫోనులో విని, "అమ్మా, సరిగ్గా వచ్చింది" అన్న రోజున కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగి, మూడు గంటల పైచిలుకు రైలులో కూర్చుని లైప్‌జిగ్ చేరేసరికి సాయంత్రమైంది. అమ్మాయి ఉండే మేడ ముందు నిలబడగానే నా చూపు తలుపు పక్కనున్న గంటల పలక మీద పడింది. పన్నెండు మీటలు, ఒక్కొక్కదాని పక్కన గాజు కింద చిన్న కాగితపు ముక్క, దాని మీద ఇంటిపేరు మాత్రమే. ఫ్లాటు నంబర్లు లేవు. అక్కడ ఉత్తరం వచ్చినా, పార్సిలు వచ్చినా, చుట్టం వచ్చినా మనిషిని వెతికేది ఆ పేరుతోనే. కింది నుంచి మూడో వరుసలో మా ఇంటిపేరు కనిపించింది. రాజమహేంద్రవరంలో మా మామగారి కాలం నాటి పెట్టెల మీద పెయింటుతో రాసి ఉండే ఆ నాలుగక్షరాలను రోమన్ లిపిలో, ఇద్దరు జర్మనుల పేర్ల మధ్య చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

అసలు పరీక్ష వారం తరువాత వచ్చింది. లిఫ్టు లేని నాలుగంతస్తులు రోజూ ఎక్కి దిగడంతో మోకాలు వాచి, దగ్గరలోని డాక్టరు దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది. అమ్మాయికి ఆ పూట ప్రయోగశాలలో పని తప్పనిది కావడంతో ఒక్కదాన్నే వెళ్ళాను. బల్ల దగ్గరి అమ్మాయి ఇంటిపేరు అడిగి, అక్షరాలు చెప్పమంది. మా ఇంటిపేరు 'వ'తో మొదలవుతుంది. ఇంగ్లీషు 'వీ'ని వాళ్ళు 'ఫౌ' అంటారు, 'డబ్ల్యూ'ని 'వే' అంటారు. 'వే' అంటే మన 'వ' అనుకుని నేను అదే చెప్పాను. కంప్యూటరులో నా పేరు దొరకలేదు. పాస్‌పోర్టు చూపించాక తప్పు తెలిసింది, మళ్ళీ 'ఫౌ' అంటూ మొదలుపెట్టాను. తరువాత లోపలికి పిలిచినప్పుడు మా ఇంటిపేరు 'ఫ'తో వినిపించింది. అది నేనేనని గ్రహించడానికి రెండో పిలుపు దాకా పట్టింది.

పుట్టిన తేదీ దగ్గర మరో చిక్కు వచ్చింది. నేను 1967లో పుట్టాను. జర్మన్‌లో పదుల కన్నా ఒకట్లు ముందు వస్తాయి: అరవై ఏడును 'ఏడూ అరవై' అన్నట్టు 'జీబెన్‌ఉంట్‌జెహ్‌ట్సిహ్' అనాలి. తెలుగులో ఆరు ముందు, ఏడు తరువాత వినిపించే అలవాటు యాభై ఎనిమిదేళ్ళది. నోరు దాని దారిన అది 'జెక్స్‌ఉంట్‌జీబ్‌ట్సిహ్' అంది. అంటే డెబ్భై ఆరు. తొమ్మిదేళ్ళు తగ్గిపోయాను. ఆ అమ్మాయి పాస్‌పోర్టులోని తేదీ చూసి, అంకెలను కాగితం మీద రాసి, మొదట ఏడు కిందా తరువాత ఆరు కిందా వేలు పెట్టి నెమ్మదిగా పలికి చూపింది. నేను ఆమె వేలితోపాటే పలికాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు నేను చేసిన పని అదే కాబట్టి, ఆ పని ఎంత ఓపికతో చేయవచ్చో ఆమె దగ్గర మళ్ళీ చూశాను.

ఆమె ఇచ్చిన ఫారంలో 'ఫమీలియెన్‌ష్టాంట్' అన్న చోట నాలుగు గళ్ళున్నాయి: పెళ్ళి కానివారు, అయినవారు, విడాకులు తీసుకున్నవారు, చివరిది 'ఫెర్‌విట్వెట్'. భర్త గానీ భార్య గానీ పోయినవారు అనే ఈ ఆఖరి మాట నేను పుస్తకంలో నేర్చుకున్నదే. 'విట్వె' అన్న జర్మన్ మాటా, సంస్కృతంలోని 'విధవా' ఒకే మూలం నుంచి వచ్చినవి. మా ప్రాంతంలో ఆ మాట తిట్టుగా మారి, బడి పిల్లల నోళ్ళలో సైతం 'వెధవ' అని తిరుగుతుంది. భర్త పోయిన ఈ ఆరేళ్ళలో ఆ మాటను నా గురించి నేను ఏనాడూ పలకలేదు, ఎవరినీ పలకనివ్వలేదు. ఇక్కడ అది మిగిలిన మూడింటి పక్కన, అంతే కొలత గల గడిలో ఉంది. కలం తీసుకుని అడ్డగీత పెట్టాను. చెయ్యి వణకలేదు.

ఈ చిన్న వాక్యాలు నేర్చుకుంటున్న కొద్దీ తెలుగు మనిషిని ఎక్కడ నిలబెడుతుందో నాకు మరింత స్పష్టంగా కనిపించింది. మనకు వయసు ఉంటుంది. వాళ్ళు 'ఇన్నేళ్ళదాన్ని' అన్నట్టు 'ఇహ్ బిన్' అంటారు. ఊరు చెప్పేటప్పుడు వాళ్ళు 'ఇహ్ కొమె ఔస్ ఇండియన్', అంటే ఇండియా నుంచి వస్తాను అంటే, మనం 'మాది రాజమహేంద్రవరం' అంటాం. ఒంటరిగా ఉన్నా 'నాది' అనం. కూతురిని కూడా 'మా అమ్మాయి' అంటాం. అక్కడ 'మైనె టోఖ్టర్' అనాలి, అంటే నా కూతురు. ఆ 'నా' నాకు చాలా రోజులు కటువుగానే అనిపించింది. కొత్తవారిని 'జీ' అనీ చనువున్నవారిని 'డూ' అనీ పిలిచే తేడా మాత్రం మీరు, నువ్వు తెలిసినవాళ్ళకు ఒక్క రోజు పని.

మోకాలు నెమ్మదించాక ఎస్-బాన్ రైలులో హాలె వెళ్ళాను. ముప్పావు గంట కూడా పట్టలేదు. సంగీతకారుడు హెండెల్ పుట్టిన ఊరది, కానీ నేను వెళ్ళింది బెంజమిన్ షుల్ట్జె కోసం. 1719లో తమిళ తీరంలోని తరంగంబాడికీ, ఆ తరువాత మద్రాసుకీ వచ్చిన ఈ మతప్రచారకుడు తెలుగు నేర్చుకుని, లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో హాలె తిరిగి వచ్చాక, 1746, 1747 సంవత్సరాలలో తెలుగు పుస్తకాలను ఇక్కడే అచ్చు వేయించాడు. 1698లో ఫ్రాంకె అనే మతాచార్యుడు స్థాపించిన అనాథాశ్రమమూ, బడులూ, ముద్రణాలయమూ కలిసిన ఆ ప్రాంగణం నేటికీ నిలిచి ఉంది. అక్కడి గ్రంథాలయ భవనం 1728 నాటిది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే, నాటకశాల పక్కతెరల మాదిరిగా ఒకదాని వెనుక ఒకటి పుస్తకాల బీరువాలు లోపలికి సాగిపోతాయి.

బయట బల్ల మీద కూర్చున్నప్పుడు పక్కనున్న పెద్దావిడ "వోహేర్ కొమెన్ జీ?" అని, అంటే ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. నేను ఏడు మాటలూ వరుసగా చెప్పాను. వృత్తి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాను. పదవీ విరమణ చేశాను కనుక 'ఇహ్ వార్', ఉండేదాన్ని అనాలి. అయినా "ఇహ్ బిన్ లేరరిన్", అంటే నేను టీచర్ని అనే అన్నాను. భాషల దగ్గర తెలుగు అని చెప్పి, గ్రంథాలయం వైపు చూపి, ఈ ఊళ్ళో నా భాష రెండున్నర శతాబ్దాల కిందటే అచ్చయిందని నాకొచ్చిన నాలుగు మాటల్లో కూడబలుక్కున్నాను. ఆవిడ ఆశ్చర్యపోయి, 'మైన్ నామె ఇస్ట్' అన్నది తెలుగులో ఎలా అంటారని అడిగింది.

"నా పేరు" అన్నాను.

ఆవిడ పలికి చూసి, ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వేలు మడిచి, మూడో వేలు చూపిస్తూ ఇందులో 'ఇస్ట్', అంటే ఇంగ్లీషు 'ఈజ్' లాంటి మాట, ఏదని అడిగింది. "కైన్ ఇస్ట్", 'ఇస్ట్' లేదు అన్నాను. ఆవిడ ఆ మూడో వేలిని కూడా నెమ్మదిగా మడిచి, 'ర' దగ్గర గొంతు గరగరలాడుతుండగా "నా పేరు" అని, వెంటనే తన పేరు చెప్పింది.