ఏట్లో గోడ ఎక్కడుంటాది?

మా మేనల్లుడు ఈత నేర్చుకున్నది నాగావళిలో. నేర్పింది నేనే. శ్రీకాకుళం గుడివీధి వెనకాల, వేసవిలో నీళ్లు బాగా దిగాక, వీపుకి ఎండిన సొరకాయ బుర్ర కట్టి, తాడు నా చేతిలో పట్టుకుని దింపాను. అప్పుడు వాడు ఏడేళ్ల గుంటడు. పది రోజులకే బుర్ర అక్కర్లేదన్నాడు. ఇసుక తవ్విన గోతులు ఎక్కడున్నాయో ముందురోజే కర్రతో పొడిచి చూసుకునేవాణ్ణి. అది చూడకుండా ఎవరూ పిల్లల్ని ఏట్లోకి దింపొద్దు. ఈ మాట ప్రతి ఏడూ చెబుతూనే ఉంటాను.

ఇప్పుడు వాడు డిగ్రీ మూడో ఏడు. 200 మీటర్ల బటర్‌ఫ్లై, అంటే రెండు చేతులూ ఒకేసారి నీటి పైనుంచి ముందుకు విసిరే ఈత, వాడి పోటీ. ఏటికి ఎదురీది గట్టిపడిన భుజాలు కదా, 2024 మొదట్లో కాలేజీల పోటీకి విశాఖ తీసుకెళ్లినప్పుడు గెలుస్తాడనే అనుకున్నాను. ఎనిమిది మందిలో ఏడోవాడిగా వచ్చాడు.

నీటి పైన వాడు ఎవరికీ తీసిపోలేదు. తేడా అంతా కొలను చివర తిరిగే గోడ దగ్గరే. వాడు గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని, తన్నుకుని వెంటనే పైకి తేలి బారలు మొదలుపెట్టేవాడు. మిగతావాళ్లు గోడ తన్నాక కనబడేవాళ్లు కాదు. కాసేపటికి వీడికంటే ఎంతో ముందు తేలేవాళ్లు. మూడు టర్నుల్లో మూడుసార్లూ అదే జరిగింది. బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. తగరపువలస దాటాక అన్నాడు: "మావయ్యా, ఏట్లో గోడ ఎక్కడుంటాది?"

నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ ఏడే పారిస్ ఒలింపిక్స్. జులై 31 రాత్రి బయట ముసురు. ఇద్దరం ఒకే ఫోన్ ముందు కూర్చున్నాం. మన టైము ప్రకారం 12 దాటాక 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్. ఫ్రాన్స్ కుర్రాడు లియోన్ మర్షాఁ, పక్కన ఆ పోటీలో ప్రపంచ రికార్డున్న హంగరీవాడు క్రిస్టోఫ్ మిలాక్. 150 మీటర్ల గోడ దగ్గర మిలాకే ముందు. అక్కడ మర్షాఁ గోడ తన్ని నీటి కిందే ఉండిపోయాడు. రెండు కాళ్లూ కలిపి చేప తోకలా కొడుతూ కిందే వచ్చి, తేలేసరికి మిలాక్ పక్కనున్నాడు. 1 నిమిషం 51.21 సెకన్లు, స్వర్ణం. మా వాడు లేచి నిలబడి "గోడ, మావయ్యా, గోడ!" అని అరిచాడు. మా అక్క నిద్ర లేచి తిట్టింది.

రెండు గంటల తర్వాత అదే కుర్రాడు 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్, మనం కప్ప ఈత అంటామే అది, ఈది ఇంకో స్వర్ణం తీసుకున్నాడు. ఈ రెండు ఈతల్లో కాళ్ల పని ఒకదానికొకటి పొంతన లేనిది. ఈత తెలిసినవాళ్లకి అది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

తర్వాత వారమంతా అతని గురించి చదివాను. ఊరు తులూజ్. మన ఊరికి నాగావళిలా దానికి గరోన్ నది. అమ్మానాన్నలిద్దరూ ఒలింపిక్స్‌లో ఈదినవాళ్లే, అందుకే అంత ఈతగాడయ్యాడని చాలామంది అంటారు. అది నిజమే గానీ నాకు సరిపోలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మెడ్లీలో, అంటే నాలుగు రకాల ఈతలూ వరుసగా ఈదే పోటీలో, అతనిది ఆరో స్థానమే. తర్వాత అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. రెండేళ్లకు, 2023లో, ఫుకుఓకాలో అదే పోటీని 4 నిమిషాల 2.50 సెకన్లలో ఈది, అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 2008లో బీజింగ్‌లో పెట్టిన ప్రపంచ రికార్డు బద్దలు కొట్టాడు. ఆ రెండేళ్లలో ఏం జరిగింది?

అక్కడి కాలేజీ పోటీల కొలను పొడవు 25 గజాలు, అంటే 23 మీటర్లు కూడా లేదు. 400 గజాల పోటీలో 15 సార్లు తిరగాలి. ఒలింపిక్ కొలనులో 400 మీటర్లకి ఏడు టర్నులే. కప్ప ఈతలో తప్ప, గోడ తన్నాక 15 మీటర్ల దాకా నీటి కింద ఉండొచ్చని రూలు. ఆ చిన్న కొలనులో అది పొడవులో మూడింట రెండు వంతులు! అంటే కాలేజీ ఈత సగానికి పైగా నీటి కిందే నడవొచ్చు. అలాంటి పోటీల్లో మూడు సీజన్లు ఈదాడు. 2024లో ఆ యూనివర్సిటీకి మగవాళ్ల ఈతలో మొట్టమొదటి జాతీయ టీమ్ టైటిల్ వచ్చినప్పుడు జట్టులో అతనే ముఖ్యుడు.

ఇది చదివాక నాకు మా బావ పొలంలోని రాతి నుయ్యి గుర్తొచ్చింది. ఒక గోడ నుంచి ఎదుటి గోడకి ఏడు మీటర్లు. మోటారు ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, తాడు పట్టుకుని గట్టున కూర్చునేవాణ్ణి. వాడు గోడ తన్నడం, కిందే అవతలికి చేరడం, పైకొచ్చి తీరిగ్గా ఊపిరి తీసుకోవడం, మళ్లీ తన్నడం. మొదట్లో కాళ్లు రాతికి గీరుకుని నెత్తురొచ్చేది. ఒక్కణ్ణే ఎప్పుడూ దిగనివ్వలేదు. నీటి కింద ఊపిరి బిగబట్టే పని ఎంత గట్టి ఈతగాడికైనా ప్రమాదమే.

మొన్నటి పోటీలో వాడి టైము ఆరు సెకన్లు తగ్గింది. నాలుగో స్థానం, పతకం లేదు. 2021లో ఇదే ఈతని 1 నిమిషం 56.38లో ఈది, ఒలింపిక్స్ 'ఎ' ప్రమాణం, అంటే నేరుగా అర్హత ఇచ్చే టైము, అందుకున్న మొదటి భారతీయ ఈతగాడు సాజన్ ప్రకాష్. మా వాడు ఆ అంకెకి చాలా దూరంలో ఉన్నాడు. వాడికీ తెలుసు.

మర్షాఁ అమెరికా వెళ్లింది ఎవరి సిఫారసుతోనో కాదు. ఫెల్ప్స్‌కి నేర్పి, అప్పుడు అరిజోనా స్టేట్‌లో కోచ్‌గా ఉన్న బాబ్ బౌమన్‌కి 2020లో తానే మెయిల్ పెట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పిన రోజు మా వాడు ఏమీ అనలేదు. పోయిన ఆదివారం వచ్చి, "బెంగళూరులో కోచ్‌కి ఇంగ్లీషులో ఒక మెయిల్ రాసిపెట్టు మావయ్యా" అన్నాడు. టైములు రాశాను, వయసు రాశాను. నుయ్యి ఎన్ని మీటర్లో కూడా రాయమన్నాడు. రాశాను.