కువైట్ ఫ్లాట్‌లో చిన్నపిల్లలతో క్రిస్మస్

కడప చుట్టుపక్కల నుంచి కువైట్‌కు వచ్చి సంసారం పెట్టిన ఇళ్లలో డిసెంబరు రాగానే ఒకటే దిగులు: ఇక్కడ పెరిగే పిల్లోళ్లకు పండగంటే ఏమిటో ఎట్లా తెలుస్తుంది? ఊర్లో ఇంటిమీద స్టార్ వెలుగుతుంది, రాత్రిళ్లు క్యారల్స్ వాళ్లు వాకిట్లోకొచ్చి పాడతారు. ఇక్కడ 25వ తేదీ మామూలు పనిదినమే. 2026లో మాత్రం శుక్రవారం పడింది కాబట్టి సెలవు కలిసొస్తుంది. ఆరేళ్లలోపు పిల్లలు కొన్న చెట్టును, కొన్న కేకును తొందరగానే మర్చిపోతారు. తమ చెయ్యి పడిన వాటిని మర్చిపోరు. అందుకే పనులు రెండు మూడే పెట్టుకుని, వాటిని వాళ్ల చేత చేయించండి.

మొదట స్టార్. వెదురు బద్దల కోసం వెతకొద్దు, జమియాలో (ఇక్కడి సహకార దుకాణంలో) దొరికే 30 సెంటీమీటర్ల కబాబ్ పుల్లలు చాలు. పది పుల్లలు తీసుకుని ముందు మొనలు కత్తిరించేయండి. ప్రతి పుల్లకూ రెండు చివర్ల నుంచి 11.5 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టండి. గుర్తు మీద గుర్తు వచ్చేట్టు అయిదు పుల్లల్ని పేరిస్తే అయిదు మూలలూ సమంగా కుదురుతాయి. గుర్తు పెట్టకుండా కంటి అందాజాతో కడితేనే స్టార్ వంకర పోయేది. ఇట్లా రెండు కట్టి, అయిదు కొనలూ దారంతో కలిపేసి, లోపలి అయిదు కూడళ్లలో ఆరేసి సెంటీమీటర్ల పుల్లముక్కలు నిలబెట్టండి. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి. పొడుగైతే పుల్లలు విరుగుతాయి. రంగుకాగితం మైదా జిగురుతో అంటించే పని పూర్తిగా పిల్లలదే, ముడతలు పడినా మీరు సరిచేయొద్దు. లోపల ఎల్‌ఈడీ దీపమే పెట్టాలి. మామూలు బల్బు వేడికి కాగితానికి నిప్పంటుకోవచ్చు. బాల్కనీలో గాలికి, వానకు ఆగదు కాబట్టి కిటికీకి లోపలివైపు కట్టండి.

కజ్జికాయలు లేకుండా మన పండగ లేదు. రెండు కప్పుల మైదా, పావు కప్పు సన్నరవ్వ, రెండు చెంచాల కాచిన నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ గట్టిగా కలిపి అరగంట మూతపెట్టండి. లోపలికి ఒక కప్పు పప్పుల (పుట్నాల) పొడి, ఒక కప్పు ఎండుకొబ్బరి తురుము, ముప్పావు కప్పు చక్కెర పొడి, వేయించిన నువ్వులు రెండు చెంచాలు, నాలుగు యాలక్కాయలు. పచ్చికొబ్బరి వేస్తే రెండు మూడు రోజుల్లో పాడవుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఊర్లో అవ్వలు వేసే గసగసాలు ఇక్కడ వద్దే వద్దు. గల్ఫ్ దేశాల్లో వాటి మీద నిషేధం ఉంది, పట్టుబడితే జైలు దాకా పోతుంది. ఊరి నుంచి ఎవరి చేతనైనా పిండివంటలు తెప్పించుకుంటే, వాటిలో గసగసాలు వేయొద్దని ముందే ఫోన్ చేసి చెప్పండి. తెచ్చే మనిషి చిక్కుల్లో పడతాడు.

పిండిని పూరీలా వత్తి కజ్జికాయల అచ్చులో పెట్టడం మీ పని, చెంచాన్నర పొడి నింపి అచ్చు నొక్కడం పిల్లల పని. వాళ్లు ప్రేమకొద్దీ ఎక్కువ నింపుతారు, అప్పుడే నూనెలో పగిలేది. అంచుకు తడి రాసి మళ్లీ ఒకసారి వేళ్లతో నొక్కండి. చేసినవాటిని తడిగుడ్డ కప్పి ఉంచొచ్చు గానీ అరగంట దాటనీయొద్దు, చక్కెర తడి పీల్చి అడుగు అంటుకుపోతుంది. నూనె పెట్టేటప్పుడు మాత్రం పిల్లల్ని వంటింట్లోంచి పంపేయాలి. మంట మధ్యస్థంగా ఉంచండి. పెద్ద మంట మీద వేయిస్తే పైన ఎర్రబడి, మర్నాటికి మెత్తబడతాయి.

యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ కట్టడానికి అట్టపెట్టె చాలు. మెంతులు రాత్రంతా నానబెట్టి, 15వ తేదీన తడి మట్టి ఉన్న పళ్లెంలో చల్లితే పండగనాటికి పచ్చగడ్డి సిద్ధం. రోజూ నీళ్లు చిలకరించే పని చిన్నవాళ్లకివ్వండి. బ్యాటరీ కొవ్వొత్తులు పెట్టేటట్టయితే స్క్రూ బిగించే మూత ఉన్నవే కొనండి. లోపలి బిళ్ల బ్యాటరీని పిల్ల మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు.

చర్చి విషయం. ఒకే ఆవరణలో చాలా భాషల ఆరాధనలు వరుసగా నడుస్తాయి, పార్కింగ్ దొరకడం కష్టం. గంట ముందే బయల్దేరండి. చిన్నపిల్లలుంటే రాత్రి ఆరాధన కంటే పగటిదే మేలు. ఫ్లాట్‌లో పాటలు పాడుకునేటప్పుడు కిటికీలు మూసుకోండి.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. కడపలో అర్ధరాత్రి పన్నెండయ్యేసరికి ఇక్కడ తొమ్మిదిన్నరే. ఊరి చర్చిలో ఆ వేళకు ఆరాధన ఉంటే పిల్లలు నిద్రపోకముందే వీడియోలో చూడొచ్చు. అక్కడ ఫోన్ పట్టుకునే వాళ్లను లౌడ్‌స్పీకర్‌కు దూరంగా కూర్చోమనండి, లేకపోతే పాట ఒక్క ముక్కా అర్థం కాదు.