చాయ్ కూడా రాయాల్నా?

"నువ్వు వాళ్ళ ఊరి నీళ్ళ గురించి చెప్పావు. ఆ అబ్బాయి ఏం తింటాడో మాత్రం అడగలేదు."

మా డెంటిస్టు ఈ మాట కోపంగా ఏమీ అనలేదు. ఇక్కడ ఎవరూ గొంతు పెంచరు. గ్లోవ్స్ తీసి బిన్‌లో వేస్తూ, బయట చలిగా ఉందన్నంత మామూలుగా అన్నది. ఇంగ్లీషులోనే అన్నది కానీ, అబ్బాయి తల్లికి బాగానే అర్థమైంది. ఇద్దరిదీ నల్లగొండ జిల్లానే, ఆమెది మునుగోడు దిక్కు, నాది మర్రిగూడ దిక్కు. మనవాళ్ళ ముందు మాటపడ్డానే అని నాలుగు రోజులు అన్నం సయించలేదు.

నేను బర్మింగ్‌హామ్‌లో ఒక పళ్ళ క్లినిక్‌లో ట్రైనీ డెంటల్ నర్సుని. ఊళ్ళో అందరికీ ఇంకా డాక్టరమ్మనే. అది పూర్తిగా అబద్ధమూ కాదు. బీడీఎస్ చదివాను, నల్లగొండలో రెండేళ్ళు పేషెంట్లను చూశాను. ఇక్కడ ఆ పట్టా చెల్లాలంటే ఓఆర్ఈ అని రెండు భాగాల పరీక్ష పాసవ్వాలి. దానికి సీటు దొరకడమే ముందొక పరీక్ష. అప్పటిదాకా సక్షన్ పట్టుకోవడం, ట్రేలు సర్దడం, డెంటిస్టు చెప్పింది చెప్పినట్టు కంప్యూటర్లో కొట్టడం నా పని.

ఆ అబ్బాయికి 11 ఏళ్ళు. తల్లి కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేస్తుంది. అయిదారేళ్ళు వచ్చేదాకా వాడు అమ్మమ్మ దగ్గరే ఉన్నాడు, బోరింగు నీళ్ళు తాగి పెరిగాడు. నోరు తెరవగానే ముందు పళ్ళ మీద సుద్దగీతలు, వాటి నడుమ గోధుమరంగు పట్టీలు. మనకు చెప్పాల్సిన పని లేదు. తల్లి నా పక్కకు జరిగి, "అక్కా, గవి ఫ్లోరైడ్ మచ్చలని జెర చెప్పు. మేం పండ్లు తోమిస్తలేమనుకుంటరు" అన్నది.

చెప్పాను. కావాల్సినదానికంటే ఎక్కువే చెప్పాను. రాళ్ళలోంచి ఫ్లోరైడ్ కరిగి బోరు నీళ్ళలోకి రావడం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అనే హద్దు మా దగ్గర ఎన్నో రెట్లు దాటడం, నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ ఫ్లోరైడ్‌ను నీళ్ళలోంచి తీసే పద్ధతి తయారుచేస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పడడం. ఈ చివరిది చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కొంచెం గర్వం వస్తుంది. జిల్లా పేరు పుస్తకాలకెక్కింది దేనికో తెలిసి కూడా.

అంతా విని డెంటిస్టు, నేను బీడీఎస్ అని తెలుసు కాబట్టి, "మరి వీడికి ముందుముందు పళ్ళు పుచ్చే రిస్క్ ఎంతంటావు?" అని అడిగింది. నర్సును అలా అడగాల్సిన అవసరం ఆమెకు లేదు. మర్యాద చేసింది. నేను ఆలోచించకుండా "తక్కువ" అన్నాను. ఫ్లోరైడ్ పన్ను గట్టిది, పురుగు పట్టదు. చిన్నప్పటి నుంచి విన్నదే కదా.

ఆమె గాలి సిరంజితో కింద ఎడమవైపు ఆరో పన్ను మీద అయిదు సెకన్లు గాలి కొట్టింది. ఆరేళ్ళకు వచ్చే పెద్ద దవడ పన్ను అది. తడి ఆరగానే అప్పటిదాకా కనబడని తెల్లమచ్చ ఒకటి పైకి తేలింది. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ మచ్చ అయితే పన్నంతా పరుచుకుంటుంది. ఇది పుచ్చు మొదలు, గాడి అంచును పట్టుకుని ఉంది. గాడి లోపల నల్లటి నీడ. దాని ముందున్న పాలపన్నులో పాత సిమెంటు ఒకటి. అది నేనూ చూశాను. చూసి కూడా లెక్కలో వేసుకోలేదు. అప్పుడు అన్నది ఆ మాట.

నల్లగొండలో అయితే మా సీనియర్ సార్ "కండ్లు ఎక్కడ పెట్టినవమ్మా" అని పది మంది ముందు అరిచేవాడు. సాయంత్రానికి చాయ్ తెప్పించేవాడు. అక్కడితో అయిపోయేది. ఇక్కడి మాట మెత్తగా తగులుతుంది, కానీ లోపలే ఉండిపోతుంది. రాత్రి పడుకున్నాక నాకు నేనే జవాబులు చెప్పుకున్నాను. ఈమెకేం తెలుసు మా నీళ్ళ సంగతి? వంకర్లు తిరిగిన కాళ్ళను ఈమె ఎప్పుడైనా చూసిందా? ఎంత వాదించుకున్నా ఆ తెల్లమచ్చ తెల్లమచ్చే. తక్కువ మోతాదులో ఫ్లోరైడ్ పన్నును కాపాడే మాట నిజమే. అయితే నున్నటి వైపుల్ని కాపాడినంతగా నమిలే గాళ్ళను కాపాడదు. బీడీఎస్‌లో అయిదు మార్కుల ప్రశ్నకు ఇదే రాశాను నేను.

పళ్ళు పుచ్చే రిస్క్ ఎంతో లెక్కగట్టే ఫారాలంటే నాకు మొదటి నుంచీ కొంచెం చిరాకు. వీటిలో రకరకాలు ఉన్నాయి. స్వీడన్‌లో పుట్టిన కేరియోగ్రామ్ అయితే కంప్యూటర్ మీద రంగురంగుల చక్రం గీసి, పుచ్చకుండా ఉండే అవకాశం ఇంత అని ఆకుపచ్చ ముక్కలో చూపిస్తుంది. ఎన్ని ప్రశ్నలు అడిగినా, ఇన్నింటిలో పిల్లల భవిష్యత్తును బాగా చెప్పగలిగేది ఒక్కటే: ఇదివరకే పుచ్చిన పన్ను ఉందా? నిరుడు వాన పడ్డచోటే ఈసారీ పడుతుందని చెప్పడానికి ఇంత ఫారమా అని నవ్వుకునేదాన్ని. తమ్ముళ్ళకు పుచ్చుపళ్ళు ఉన్నాయా, ఇంట్లో పరిస్థితి ఏంటి అని అడిగినప్పుడైతే, పేదపిల్లల నుదుటి మీద ముందే రాసేస్తున్నారు అనిపించేది. కానీ ఆ ఫారం వల్ల జరిగేది శిక్ష కాదు. రిస్క్ ఎక్కువున్న పిల్లవాణ్ణి మూడు నెలలకే మళ్ళీ పిలుస్తారు, తక్కువున్నవాణ్ణి ఏడాదికి. 18 నిండేదాకా ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి సర్కారు వైద్యంలో, పైసా తీసుకోరు. నేను "తక్కువ" అన్నది వాడిమీద ప్రేమతోనే. ఆ ప్రేమకు వాడు ఏడాదిదాకా మళ్ళీ ఈ కుర్చీ ఎక్కేవాడు కాదు. అప్పటికి నీడ కాస్తా గుంత అయ్యేది.

ఆ రోజే ఆరో పళ్ళకు ఫ్లోరైడ్ వార్నిష్ పూయాలన్నది డెంటిస్టు. తల్లి గబుక్కున వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మళ్ళా ఫ్లోరైడేనా అక్కా? గందుకేనా మేం ఊరిడిసి వచ్చింది?" నాకు నవ్వు రాలేదు. ఆ వార్నిష్‌లో ఫ్లోరైడ్ 22,600 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 22,600 భాగాలు ఉంటుంది. నేనే మొదటిసారి ఆ డబ్బా మీద చదివి ఉలిక్కిపడ్డాను. మచ్చలు పడేది చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, అదీ ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళతో. ఇప్పుడు పూసేది చుక్క, అది పైన అంటుకుని మెత్తబడ్డ చోటును గట్టిపరుస్తుంది అని చెప్పాను. ఆమె నా కళ్ళలోకి చూసి, "నీ పండ్లు గూడ గిట్లనే ఉన్నయా?" అని అడిగింది. మాస్కు తియ్యకుండానే తల ఊపాను. రోజంతా నోరు కప్పుకుని చేసే ఉద్యోగం దొరకడం నా అదృష్టమని ఎవరికీ చెప్పుకోలేదు ఇన్నాళ్ళూ.

మా అమ్మ ప్రతి ఫోన్‌లో ముందు "నీళ్ళు మంచిగున్నయా బిడ్డా" అంటుంది, తర్వాతే తిన్నవా అంటుంది. ఇప్పుడు ఊళ్ళో నల్లాకు కృష్ణ నీళ్ళు వస్తున్నాయి కానీ, ఆమె మోకాళ్ళు ఆ పాత నీళ్ళకే పోయాయి. బర్మింగ్‌హామ్‌కు వేల్స్ కొండల నుంచి 70 మైళ్ళ పైచిలుకు దూరం నీళ్ళు వస్తాయని, తియ్యగా ఉంటాయని చెప్పాను. 1964 నుంచి ఆ నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడ్ కలుపుతున్నారని మాత్రం చెప్పలేదు. మేం పటిక పోసి తీసేదాన్ని వీళ్ళు కొని పోస్తారని ఆమెకు ఏ నోటితో చెప్పను?

రెండు వారాలకు ఆ తల్లి, డెంటిస్టు రాసి తెమ్మన్న మూడు రోజుల తిండి డైరీ పట్టుకొచ్చింది. ఒక ఆదివారం, రెండు బడి రోజులు. గుండ్రటి చేతిరాత. అన్నం, పప్పు, కోడిగుడ్డు, అరటిపండు. చూస్తే ఈ పిల్లవాడికి పళ్ళు పుచ్చడం అన్యాయం అనిపిస్తుంది. డెంటిస్టు పక్క గదిలో ఉంది. ఈసారి నేనే అడిగాను, "చాయ్ తాగడా చెల్లె?"

"తాగుతడు. చాయ్ గూడ రాయాల్నా? గది తిండి గాదు గదా."

ఆ మాటకు నేనేమంటాను? నన్ను రాయమన్నా నేనూ రాసేదాన్ని కాదు. పొద్దున బిస్కెట్లు ముంచుకుని ఒక గ్లాసు. బడి నుంచి వచ్చాక, తల్లి పడుకుని ఉంటుంది కాబట్టి వాడే పెట్టుకుని, ఫోన్ చూస్తూ గంటసేపు గుక్క గుక్కగా ఇంకో గ్లాసు. చక్కెర నోట్లో పడ్డ ప్రతిసారీ పంటి మీద ఆమ్లం పుట్టి, మళ్ళీ మామూలు కావడానికి అరగంట పైనే పడుతుంది. ఒక్కసారే గటగటా తాగితే ఒకటే అరగంట. గంటసేపు చప్పరిస్తే పంటికి తేరుకునే వ్యవధే ఉండదు. ఎంత తిన్నాడన్నది కాదు, ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నదే లెక్క.

పెన్ను తీసుకుని మార్జిన్‌లో టైములు వేయడం మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి ఆపింది.

"రెండే రాయి అక్కా. మూడోది నేనే ఇస్త, డ్యూటీకి పోతపోత. మంచిగ పంటడని. గది రాస్తే ఆమె నన్నే అంటది."

తలుపు వైపు చూశాను. గ్లోవ్స్ వేసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. మూడోది కూడా రాశాను, రాత్రి ఎనిమిదిన్నర అని టైముతో సహా.