కిలో అరటికి మా బోరు ఇచ్చిన నీరు

అనంతపురం జిల్లా పుట్లూరు వైపు మాకున్న ఎకరం అరటి తోటకు ఈ పంటలో ఎంత నీరు పట్టిందో మొక్క నాటిన రోజు నుంచి గెల కోసేదాకా లెక్క రాశాను. “గెలలను తూకమేసినట్టు నీళ్లను కూడా తూకమేస్తావా నాయనా?” అని మా నాన్న అడిగారు. నేను చేయదలచింది సరిగ్గా అదే.

ఒక పంట పండడానికి ఖర్చయ్యే నీటిని వాటర్ ఫుట్‌ప్రింట్ పేరుతో లెక్కగట్టే పద్ధతిని నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఆర్యెన్ హుక్‌స్ట్రా 2002లో ప్రతిపాదించారు. అందులో నేలలో ఇంకి మొక్కకు అందిన వానది ఆకుపచ్చ నీరు, బోరు నుంచో కాలువ నుంచో పెట్టినది నీలి నీరు, ఎరువుల వల్ల చెడిన నీటిని మళ్లీ ప్రమాణానికి తేవడానికి కావలసినది బూడిద నీరు.

నీలి నీటిని కొలవడమే అన్నిటికంటే కష్టమైంది. మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీరు వదిలే డ్రిప్పరు గంటకు 4 లీటర్లు ఇస్తుందని కంపెనీ చెప్పిన మాటను నమ్మి లెక్క వేయడం తేలిక గానీ, డబ్బా పెట్టి గడియారం చూస్తే గేటువాల్వు దగ్గర 4 లీటర్లు పడుతున్నది పైపు చివర, ఉప్పు పేరుకున్న చోట, 3 లీటర్లే పడుతోంది. అందుకని ఒక్కో మొక్కల సాలులో మూడు చోట్ల కొలిచి, మోటారు నడిచిన గంటలను నోటుబుక్కులో రాసుకొని సగటు తీశాను. మొక్కకు రోజుకు 16 లీటర్ల చొప్పున 330 రోజులకు 5,280 లీటర్లు వచ్చింది. గెల సగటున 25 కిలోలు తూగింది కనుక కిలోకు సుమారు 211 లీటర్లు.

మా జిల్లా సగటు వాన ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. ఎకరానికి 1,200 మొక్కల లెక్కన, అందులో సగమే వేళ్లకు అందిందని పెట్టుకుంటే కిలోకు 37 లీటర్లు. మొక్కకు 200 గ్రాముల నత్రజని వేశాం. పదో వంతు భూమిలోకి దిగిపోతుందని, లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ నత్రజని హద్దని తీసుకుంటే బూడిద నీరు కిలోకు 80 లీటర్లు.

మొత్తం 328 లీటర్లు. మెకొన్నెన్ అనే పరిశోధకుడు, హుక్‌స్ట్రా కలిసి 2011లో ప్రకటించిన ప్రపంచ సగటు కిలో అరటికి 790 లీటర్లు కాబట్టి మన తోట ఎంతో పొదుపని ఎవరికైనా అనిపిస్తుంది. మొదట నాకూ అలాగే అనిపించి సంతోషం కలిగింది. కానీ ఆ 790లో 660 లీటర్లు వాన నీరే, నీలి నీరు 97 లీటర్లు మాత్రమే. మా తోటలో నీలి నీరు దానికి రెట్టింపు దాటింది. వాన పుష్కలంగా కురిసే దేశాల్లో ఆకాశం ఇచ్చేదాన్ని ఇక్కడ రాతి పగుళ్లలో నుంచి కరెంటుతో తోడుతున్నాం. అందుకే మన సీమలో మొత్తం అంకెను ఒక్కటే చెప్పడం తప్పుదారి పట్టిస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎకరానికి 63 లక్షల లీటర్లు బోరు నుంచి వచ్చిందన్న మాటనే ముందు చెప్పాలి.

ఆ అంకె విన్నాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు తానే ఎండుటాకులను, కోసిన బోదెల ముక్కలను సాళ్ల మధ్య పరిపించారు. కోసిన మొక్కల పిలకల నుంచి వచ్చే తరువాతి పంటకు ఆ కప్పు కింద తేమ ఎన్ని రోజులు నిలుస్తుందో చూసి, మోటారు గంటలను తగ్గించి, మళ్లీ పైపు చివరి డ్రిప్పరు దగ్గర నుంచే కొలత మొదలుపెడతాను.