అరిగిన షాఫ్ట్‌ని తుక్కులో వేయకండి

మా ల్యాబ్‌కి వచ్చేవాటిలో నాకు ఎక్కువ ఇష్టం అరిగిపోయిన పంపు షాఫ్టులు, అంటే పంపులో తిరిగే ఉక్కు కడ్డీలు. లీకు కాకుండా ఆపే సీలు కూర్చునే చోట పావు మిల్లీమీటరు అరిగితే చాలు, షాఫ్ట్ మొత్తాన్ని తుక్కు కింద అమ్మేస్తారు. మిగతా ఉక్కంతా బాగానే ఉంటుంది! ఆ పోయిన పొరను తిరిగి వేయడమే ఇన్నేళ్లుగా నా పని.

ముందు అరిగిన చోట గ్రైండింగ్ చేసి, డై పెనెట్రెంట్‌తో (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) పగుళ్లు వెతుకుతాం. తర్వాత అల్యూమినా గ్రిట్‌తో బ్లాస్టింగ్, అంటే గట్టి రేణువులను వేగంగా కొట్టి పైభాగాన్ని గరుకు చేయడం. పూత వెల్డింగ్‌లా ఉక్కుతో కలిసి కరగదు, ముఖ్యంగా ఆ గరుకును పట్టుకునే నిలుస్తుంది. అందుకే బ్లాస్టింగ్ అయ్యాక ఎవరైనా ఒట్టి చేత్తో ముట్టుకుంటే నాకు టెన్షన్. వేలి జిడ్డు ఉన్నచోట పట్టు తగ్గుతుంది, పొర పెచ్చులుగా ఊడే ప్రమాదం ఉంది. ఆపైన హెచ్‌వీఓఎఫ్ గన్ (ఇంధనాన్ని ఆక్సిజన్‌తో మండించి, ఆ వేడి వాయువుతో పొడిని చిమ్మేది) నుంచి టంగ్‌స్టన్ కార్బైడ్-కోబాల్ట్ అనే చాలా గట్టి పొడి సెకనుకు 500 మీటర్లకు పైగా వేగంతో వచ్చి తగులుతుంది. చివర్లో డైమండ్ వీల్‌తో సైజుకి తెస్తాం.

దీని బదులు హార్డ్ క్రోమ్ (తొట్టెలోని ద్రావణంలో ముంచి, కరెంటుతో క్రోమియం పూత వేయడం) చవక కదా అంటారు. కానీ ఆ తొట్టెల్లోని హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. ఆ పొగ పీల్చే మనిషి ఆరోగ్యం ఏ కొటేషన్‌లోనూ కనబడదు. నాకు అదే బాధ.

సన్నటి బోర్ల (గుండ్రటి రంధ్రాల) లోపలికి మాత్రం మా గన్ పట్టదు. ఇప్పుడు పని చేస్తున్నది దాని మీదే.