‘దూరాత్’ దగ్గర కాసేపు ఆగండి

సుందరకాండ పారాయణ చేసేవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్కోసారి ఒళ్లు కూడా మండుతుంది. మంటంతా మొదటి సర్గ గురించే. 68 సర్గల్లోకీ పొడవైనది, రెండు వందలకు పైగా శ్లోకాలు. దాన్ని మనవాళ్లు ఎలా చదువుతారు? ఎప్పుడెప్పుడు లంకలో దిగుదామా అన్నట్టు! మైనాకుడు అయిపోయాడు, సురస అయిపోయింది, సింహిక కూడా అయిపోయింది, హమ్మయ్య. సముద్రం దాటుతున్న హనుమంతస్వామికి కూడా అంత తొందర లేదు.

నేను విమానం నడుపుతాను. అందుకని ఆ సర్గ నాకు కథలా కాక నా ఉద్యోగంలా వినిపిస్తుంది. మొదటి శ్లోకంలోనే ‘చారణాచరితే పథి’ అంటాడు మహర్షి, చారణులనే దేవగాయకులు తిరిగే దారి అని. (మాకూ గాలిలో దారులున్నాయి, చాలా మలుపులకి అయిదక్షరాల పేరుంది. ముందు రూటు చెప్పి ఆ తర్వాతే ఎగరనిచ్చాడు చూడండి అని మావాళ్లతో అంటుంటాను.) కానీ నన్ను పట్టుకుని వదలనిది మహేంద్రగిరి మీద స్వామి లేవబోయే ముందు వచ్చే శ్లోకం.

మార్గమాలోకయన్ దూరాదూర్ధ్వం ప్రణిహితేక్షణః
రురోధ హృదయే ప్రాణానాకాశమవలోకయన్

దారిని దూరంగా చూస్తూ, కళ్లు పైకి నిలిపి, ఆకాశం కేసి చూస్తూ ప్రాణాల్ని గుండెలో బిగబట్టాడని అర్థం. అందులో ‘దూరాత్’ అన్న మాట దగ్గర మాత్రం నాతోపాటు కాసేపు కూర్చోండి.

శిక్షణ రోజుల్లో నాకు దిగడం వచ్చేది కాదు. నేల దగ్గరపడేసరికి కళ్లు ముక్కు కిందున్న తారు మీదికి పోయేవి. అది మీద పడిపోతోందనిపించి కంట్రోల్ వెనక్కి లాగేసేవాణ్ణి. విమానం మళ్లీ పైకి తేలి, వేగం చచ్చిపోయి, దబ్బున కూలబడేది. నడుం దాకా తెలిసేది ఆ దెబ్బ. పక్క సీట్లోంచి గురువుగారిది ఒకటే మాట, “దగ్గర చూడకయ్యా, రన్‌వే చివర చూడు.” దగ్గరి నేల అలికేసినట్టు పరుగెడుతుంది, దాన్నిబట్టి ఎంత ఎత్తులో ఉన్నామో కంటికి అందదు. చూపు చివర నిలిపితే రన్‌వే అంచులు రెండూ మెల్లగా పక్కలకి విచ్చుకుంటూ మన ఎత్తు అవే చెప్తాయి. నాకిది ఒంటబట్టడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లోనే ఒక రాత్రి పారాయణలో ‘మార్గమాలోకయన్ దూరాత్’ అని చదివి పుస్తకం మూసేశాను. నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. పగలంతా నేను తిట్లు తిన్నది ఆ మాట కోసమే.

తర్వాత కొన్నాళ్లకి ఒంటరిగా ఎగిరే రోజు వచ్చింది. గురువుగారు ముందు చెప్పకుండా తలుపు తీసి దిగిపోయారు. ఖాళీ సీటు బెల్టు నేనే బిగించి కట్టాను, అది ఊగిపోయి కంట్రోల్‌కి అడ్డుపడకూడదు కదా. రన్‌వే మొదట్లో నిలబడి చివరకి చూశాను. ఊపిరి నేను బిగబట్టలేదు, అదే ఆగింది. ‘రురోధ హృదయే ప్రాణాన్’ అంటే ఏమిటో ఆ క్షణానికి ముందు నాకు తెలియదంటే నమ్మండి. వేగం 55 నాట్లు దాటింది, ముక్కు లేచింది, చక్రాల కింద గడగడ ఠక్కున ఆగిపోయింది. ఇంజను హోరు హోరుగానే ఉంది, అయినా ఎంత నిశ్శబ్దమో! ఒక మనిషి బరువు తగ్గింది కనక ఎప్పటికంటే చురుగ్గా పైకి పోయింది. ఇన్నేళ్లయినా ఆ గడగడ ఆగే క్షణం కోసమే నేను పనికి వెళ్తున్నాను.

తిరిగి చూస్తే గురువుగారు గడ్డిలో నిలబడి ఉన్నారు, చీమంత. స్వామి తొడల వేగానికి పెళ్లగిలిన చెట్లు కాసేపు ఆయన వెంట వెళ్లాయట, దూరప్రయాణానికి బయల్దేరిన చుట్టాన్ని బంధువులు సాగనంపినట్టు. ‘ముహూర్తం కపిమన్వయుః’. ఇదీ పరుగులో పోయే శ్లోకమే.

నీటి మీద స్వామి నీడ అందంగా ఉందన్న మాట కూడా అంతే. మేఘాల మీద మా విమానం నీడ పడినప్పుడు దాని చుట్టూ రంగుల వలయం కనిపిస్తుంది, నీటి బిందువులు వెలుతురుని వెనక్కి తిప్పి పంపడం వల్ల. దాని నడిబొడ్డు ఎప్పుడూ చూసేవాడు కూర్చున్న చోటే. నాకు కాక్‌పిట్ చుట్టూ కనిపిస్తే వెనక వరుసలో ఉన్నవాడికి తన కిటికీ చుట్టూ కనిపిస్తుంది. ప్రభామండలం నాదేనని మురిసిపోయిన పైలట్‌ని, నా సంగతే చెప్తున్నాను.

‘ధృతిర్దృష్టిర్మతిర్దాక్ష్యం’ (ధైర్యం, చూపు, బుద్ధి, నేర్పు) అని పరీక్షలకి వెళ్లే పిల్లలచేత చదివిస్తారు, మంచిదే. కానీ ఆ నాలుగింట్లో దృష్టి ఉందే, దాన్ని చదివించేవాళ్లే పోగొట్టుకుంటున్నారు. ఎన్ని సర్గలయ్యాయి, ఇంకెన్ని ఉన్నాయి, మొక్కు ఎప్పటికి తీరుతుంది? ముక్కు కింది తారు చూడడమంటే ఇదే కదండీ. చూపు అక్కడుంటే దిగేటప్పుడు దెబ్బ తగులుతుందని తిన్నవాణ్ణి చెప్తున్నాను.

రేపు మొదటి సర్గ తెరిచినప్పుడు లెక్క రాసుకునే కాగితం పక్కన పెట్టండి. ‘మార్గమాలోకయన్’ శ్లోకం వచ్చాక తల ఎత్తండి. పైన ఇంటికప్పే ఉండనీయండి, ఫరవాలేదు. ఊపిరి ఆగినంతసేపు ఆగనివ్వండి. పేజీ తిప్పడానికి తొందరేం లేదు, ఎగరబోతూ ముడిచే చెవుల్ని స్వామి ఇంకా ముడవలేదు.